పాత లాప్‌టాప్‌లో మొదటిసారి లినక్స్: ఏది వేయాలి, వేసే ముందు ఏం చూసుకోవాలి

మీరు అడిగింది ఇదీ: 2017లో కొన్న లాప్‌టాప్. ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి, విండోస్ 11 ఈ మెషీన్‌లో పడదని మెసేజ్ వస్తోంది. నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. వ్యాసాలు టైప్ చేసుకుంటారు, యూట్యూబ్ చూస్తారు. మీరు బీకామ్ చదువుతూ టాలీ నేర్చుకుంటున్నారు. ఇంట్లో ఎవరికీ లినక్స్ తెలియదు. ఏ లినక్స్ వేసుకోవాలి, డిస్క్‌లో ఉన్నవి పోకుండా ముందే ఎలా చూసుకోవాలి?

సూటిగా చెప్పేస్తాను. లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి, 4 జీబీ ర్యామే ఉంటే అందులో తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. ర్యామ్ 8 జీబీ చేయించగలిగితే ఇంకాస్త హంగులున్న సిన్నమన్ ఎడిషన్. అయితే ఏ పేరున్న లినక్స్ అనేదానికంటే, పెన్‌డ్రైవ్ మీద నడిపి మీ ఇద్దరి రోజువారీ పనులూ చేసి చూశారా లేదా అన్నదే పెద్ద విషయం. అది చేయకుండా యూట్యూబ్ వీడియో చూసి హార్డ్ డిస్క్ తుడిచేసుకున్నవాళ్లే వారం తిరక్కుండా మళ్లీ విండోస్ వేయించుకోవడానికి షాపు చుట్టూ తిరుగుతుంటారు.

తొందరేమీ లేదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినా, ఇళ్లలో వాడుకునేవాళ్లకు పొడిగింపు భద్రతా అప్‌డేట్ల పథకం 2026 అక్టోబర్ 13 వరకు ఉంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో దానికి నమోదు చేసుకునే లింకు కనిపిస్తే చేసుకోండి. ఈలోపు నింపాదిగా చూసుకోవచ్చు. విండోస్ 11 పడకపోవడానికి మీ లాప్‌టాప్ పాడైపోవడం కారణం కాదు. మైక్రోసాఫ్ట్ పెట్టిన జాబితాలో ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మీ ఐ3 పనికి ఇంకా బాగానే పనికొస్తుంది.

ఇన్ని రకాల లినక్స్‌లేమిటని కంగారు పడ్డారు కదా. లారీకి కంపెనీ నుంచి ఛాసిస్ ఒకటే వస్తుంది, విజయవాడ ఆటోనగర్‌లో బాడీ ఎవరికి కావలసినట్టు వాళ్లు కట్టించుకుంటారు. ఇదీ అంతే. ఛాసిస్ లాంటి లోపలి భాగాన్ని కెర్నల్ అంటారు, అది 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినదే. దాని మీద డెస్క్‌టాప్, సాఫ్ట్‌వేర్లు, అప్‌డేట్ల పద్ధతి ఎవరు ఎలా కడితే అది ఒక డిస్ట్రో. డెబియన్ మీద ఉబుంటు, ఉబుంటు మీద మింట్ కట్టారు. దీనివల్ల మీకు కలిసొచ్చేదేమిటంటే, ఉబుంటు కోసం ఎవరో ఎక్కడో రాసిన పరిష్కారం మింట్‌లో కూడా చాలావరకు పనిచేస్తుంది. కొత్తవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. వెతికితే జవాబు దొరకాలి.

మింట్ ఎందుకంటే, నాన్నగారి చెయ్యి విండోస్‌కు అలవాటు పడి ఉంది. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, మింట్‌లో అన్నీ అక్కడే ఉంటాయి. పని మధ్యలో "రీస్టార్ట్ చేస్తున్నాను" అని బెదిరించదు. అప్‌డేట్ మనం నొక్కినప్పుడే జరుగుతుంది. 22 సిరీస్‌కు 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. టైమ్‌షిఫ్ట్ అనే టూల్ ముందే ఉంటుంది. దాన్ని ఒకసారి సెట్ చేసి పెట్టుకుంటే, ఏదైనా చెడిపోయినప్పుడు సిస్టమ్‌ను నిన్నటి స్థితికి తీసుకెళ్లొచ్చు. మీ సొంత ఫైళ్లను మాత్రం అది కాపాడదు, వాటి బ్యాకప్ వేరే చూసుకోవాలి.

ఉబుంటు మంచిదే. కానీ దాని గ్నోమ్ డెస్క్‌టాప్ రూపం విండోస్‌కు దూరం, 4 జీబీలో బరువుగా కదులుతుంది. జోరిన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, 8 జీబీ మెషీన్ అయితే దాన్ని కూడా పరీక్షించమనేవాణ్ణి. ఫెడోరా నాకు ఇష్టం, కానీ ఒక్కో వెర్షన్‌కు మద్దతు సుమారు 13 నెలలే. నాన్నగారు ఏడాదికోసారి వెర్షన్ మార్చుకుంటూ కూర్చోవాలా?

ఇంజనీరింగ్ స్నేహితులు కాళీ లినక్స్ వేసుకోమంటారు, వినకండి. అది భద్రతా పరీక్షలు చేసేవాళ్ల పనిముట్టు. లినక్స్ పరిచయం లేనివాళ్లకు తగదని వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసుకున్నారు. ఇంకొకటి, డిస్ట్రోవాచ్ ర్యాంకులు చూసి ఎంచుకోకండి. ఆ సైట్‌లో ఒక డిస్ట్రో పేజీని ఎంతమంది తెరిచారన్న లెక్క అది, ఎంతమంది వాడుతున్నారన్నది కాదు.

ఇప్పుడు అసలు చిక్కులకు వద్దాం. మీ ఇంట్లో అవి రెండున్నాయి.

మొదటిది టాలీ. అది విండోస్ కోసం చేసిన ప్రోగ్రామ్. వైన్ అనే దాని సాయంతో లినక్స్‌లో నడిపించుకునేవాళ్లు ఉన్నారు గానీ, నేర్చుకుంటున్న మనిషికి ఆ తలనొప్పి వద్దు. లెక్క తప్పింది మీవల్లా, వైన్‌వల్లా అనే అనుమానంతోనే సాయంత్రం గడిచిపోతుంది. కాబట్టి విండోస్‌ను పూర్తిగా తీసేయకండి. టాలీ కోసం దాన్ని ఉంచి, ఇంటర్నెట్ పనులన్నీ లినక్స్‌లో చేసుకోండి. టాలీ ఫోల్డర్‌ను వారానికోసారి పెన్‌డ్రైవ్‌కు ఎక్కించుకోండి.

రెండోది మీరు రాయలేదు, కానీ తెలుగు మాస్టారు అన్నారు కాబట్టి అడుగుతున్నాను: నాన్నగారి పాత వ్యాసాలు ఏ ఫాంట్‌లో ఉన్నాయి? అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉంటే జాగ్రత్త. ఆ పద్ధతిలో తెలుగు అక్షరం నిజంగా తెలుగు అక్షరంగా దాచి ఉండదు. ఇంగ్లీషు గుర్తుల స్థానంలో తెలుగు బొమ్మ కూర్చుని ఉంటుంది. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో తెరిస్తే పేజీ నిండా పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఇది లినక్స్ లోపం కాదు, అదే ఫైలును ఫోన్‌లో తెరిచినా అంతే. విండోస్ పనిచేస్తుండగానే ముఖ్యమైన వాటిని పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. మళ్లీ దిద్దుకోవలసిన వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే దాచే పద్ధతిలోకి మార్చండి. మార్చాక ఒకసారి చదివి చూడక తప్పదు, ఒత్తులు అక్కడక్కడ తారుమారవుతాయి. వర్డ్‌లో యూనికోడ్‌లోనే టైప్ చేసి ఉంటే మీకు ఏ బాధా లేదు, లిబ్రేఆఫీస్‌లో తెరుచుకుంటాయి. పేజీల అమరిక కాస్త జరగొచ్చు.

డిజిటల్ సంతకం డాంగిల్‌తో జీఎస్‌టీ రిటర్నులు వేయడం, ఆధార్ వేలిముద్ర యంత్రం లాంటి పనులు కూడా ఎవరైనా చేస్తుంటే వాటిని విండోస్‌లోనే ఉంచండి. బ్యాంకు సైట్లు, రైల్వే టికెట్లు, యూనివర్సిటీ ఫలితాలు బ్రౌజర్‌లో జరిగే పనులు కాబట్టి ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో మామూలుగా చేసుకోవచ్చు.

పెన్‌డ్రైవ్ తయారు చేయడం సులువు. 8 జీబీదో ఇంకా పెద్దదో తీసుకోండి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. మింట్ అధికారిక సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైల్ (మొత్తం మింట్ ఒకే ఫైల్‌గా ఉండేది) దించుకోండి, సుమారు 3 జీబీ. దించుకున్నాక దాని షా-256 సంఖ్య, అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటిది, సైట్‌లో ఇచ్చిన దానితో సరిపోయిందో లేదో చూడండి. 7-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి అక్కడే చూడొచ్చు. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరిలో మింట్ సైట్‌లోకే ఎవరో చొరబడి, డౌన్‌లోడ్ లింకును దొంగ ఫైల్ వైపు తిప్పారు. సైట్‌లోకి చొరబడ్డవాళ్లు ఆ సంఖ్యను కూడా మార్చేయగలరు, అందుకని వీలైతే దాని మీద ఉన్న డిజిటల్ సంతకాన్ని కూడా సరిచూడండి, ఎలాగో మింట్ సైట్‌లోనే ఉంది. తర్వాత రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. మధ్యలో ఏదో అడుగుతుంది, అది సిఫారసు చేసినదే ఉంచి ఓకే కొట్టండి. రెండు మూడు డిస్ట్రోలు చూడాలని ఉంటే రూఫస్ బదులు వెంటాయ్ వాడండి. దాన్ని ఒకసారి పెన్‌డ్రైవ్‌లో వేశాక ఐఎస్‌ఓ ఫైళ్లను మామూలుగా కాపీ చేస్తే చాలు, ఆన్ చేసినప్పుడు ఏది కావాలని అడుగుతుంది.

లాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది, అది ఆపివేసి మరీ చేయండి. అది ఉంటే విండోస్ నిజంగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. లినక్స్ నుంచి డీ డ్రైవ్ తెరిస్తే చదవనిస్తుంది, రాయనివ్వదు. తర్వాత ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీటను టకటకా నొక్కుతుండాలి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, అసుస్‌లో ఎస్కేప్. పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే మింట్ మెనూ వస్తుంది, మొదటి వరుస మీద ఎంటర్ కొట్టండి. కొంతసేపటికి డెస్క్‌టాప్ వస్తుంది. అక్కడ "ఇన్‌స్టాల్ లినక్స్ మింట్" అని ఒక ఐకాన్ ఉంటుంది. ఇప్పుడు దాని జోలికి పోకండి. అది నొక్కనంతవరకు, మీ అంతట మీరు డ్రైవ్‌లోకి ఏదైనా రాయనంతవరకు హార్డ్ డిస్క్‌కు ఏమీ కాదు. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి నెమ్మదిగా ఉంటుంది. వేగాన్ని బట్టి తీర్పు చెప్పకండి.

ఇక ఏం చూడాలి? వైఫై కనిపిస్తోందా అన్నది మొదటిది. కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ చిప్‌లకు డ్రైవర్ విడిగా వేయాలి, డ్రైవర్ వేయాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి! దీనికి విరుగుడు మీ చేతిలోనే ఉంది. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వచ్చేస్తుంది. అప్పుడు మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావలసిన డ్రైవర్ ఉంటే అదే చూపిస్తుంది.

తర్వాత యూట్యూబ్‌లో ఒక పాట పెట్టి శబ్దం వినండి, హెడ్‌ఫోన్ పెట్టి తీయండి. కెమెరా, మైకు, బ్లూటూత్, వెలుతురు పెంచే మీటలు, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో జరపడం, అన్నీ చూడండి. చాలామంది మరిచిపోయేది మూత. పాట ఆపి, మూత మూసి, అయిదు నిమిషాలాగి తెరవండి. తెర వెలిగిందా? వైఫై మళ్లీ అందుకుందా? పాత లాప్‌టాప్‌లలో ఇబ్బంది వచ్చేది ఎక్కువగా ఇక్కడే. మూత తెరిచినప్పుడల్లా నల్లతెర వస్తుంటే నాన్నగారు మూడో రోజే దాన్ని పక్కన పెట్టేస్తారు. అప్పుడు మింట్‌లోనే వేరే ఎడిషన్‌తోనో, ఉబుంటుతోనో అదే పరీక్ష చేసి చూడండి.

పరీక్ష అయ్యాక విండోస్‌లోకి వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి వెళ్లి ఉండొచ్చు. భయపడకండి. మెషీన్ లోపలి గడియారంలో విండోస్ మన టైమ్ రాస్తుంది, లినక్స్ గ్రీనిచ్ టైమ్ రాస్తుంది, తేడా సరిగ్గా మన అయిదున్నర గంటలే. విండోస్ టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ నొక్కితే సరిపోతుంది.

తెలుగు టైపింగ్‌ను కూడా పెన్‌డ్రైవ్ దశలోనే నాన్నగారి చేత చేయించండి. ఆయన ఏ పద్ధతిలో టైప్ చేస్తారన్నదాన్ని బట్టి దారి మారుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీబోర్డ్ అమరిక వచ్చినవాళ్లకు ఏదీ దించుకోనక్కర్లేదు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్‌లోకి వెళ్లి తెలుగు చేర్చుకుంటే అయిపోయింది. అక్కడ కె నొక్కితే క, డి నొక్కితే పొల్లు, జె నొక్కితే ర, వరసగా నొక్కితే క్ర. విండోస్‌లో ఎలాగో ఇక్కడా అలాగే. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటుంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్-ఎం17ఎన్ వెతికి వేసుకోండి. లాగవుట్ అయి మళ్లీ వచ్చి, ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద చూస్తే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతులు ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ రెండూ ఉంటాయి. అను సాఫ్ట్‌వేర్‌లో యాపిల్ కీబోర్డ్ అలవాటైనవాళ్లకు ఆ లేఅవుట్ కూడా ఆ జాబితాలో ఉంది. ఈ సంగతి తెలియక డీటీపీ చేసేవాళ్లు లినక్స్ వైపే చూడరు.

ఫోన్ కీబోర్డ్‌కీ దీనికీ ఒక తేడా ఉంది, నాన్నగారికి ముందే చెప్పండి. ఫోన్ మనం ఏం రాయబోతున్నామో ఊహిస్తుంది. ఇది ఊహించదు, నియమం ప్రకారం పోతుంది. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న ఎన్ అయితే న, పెద్దదైతే ణ. మొదట్లో విసుగే. తెలుగు మాస్టారు కాబట్టి ఆయనకు తొందరగానే పట్టుబడుతుంది, వర్ణక్రమం తెలిసినవాళ్లకు ఈ పద్ధతే నయం. ఫాంట్ల విషయంలో లోటు లేదు. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటివి స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగా దొరుకుతాయి, పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే ఉంటాయి.

మెనూలన్నీ తెలుగులో పెట్టమంటారా అంటే, నా సలహా వద్దనే. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలని హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఎంతో శ్రమపడ్డారు, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ల బాస్ లినక్స్‌లో కూడా భారతీయ భాషలున్నాయి. ఆ కృషి మీద నాకు గౌరవమే. అయితే మింట్‌లో భాష తెలుగు చేస్తే కొన్ని మెనూలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో కనిపిస్తాయి. ఏదైనా చిక్కొస్తే ఎర్రర్ మెసేజ్‌ను నెట్‌లో వెతకడానికి ఇంగ్లీషులో ఉంటేనే పని జరుగుతుంది. రాత తెలుగులో, మెనూ ఇంగ్లీషులో ఉంచండి. నాన్నగారికి ఈ వయసులో కొత్తది పట్టుబడుతుందా అని సందేహించారు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు, వాళ్లకు పాఠం చెప్పేది ఆయన లాంటి మాస్టార్లే.

పరీక్షలన్నీ బాగుంటే ఇన్‌స్టాల్ చేయొచ్చు. మీ మెషీన్‌కు నేను చెప్పేది ఒకే దారి: ఒక సాటా ఎస్‌ఎస్‌డీ కొనండి, 240 జీబీ చాలు. పాత హార్డ్ డిస్క్ తీసి దాని చోట ఎస్‌ఎస్‌డీ పెట్టించి, మింట్ దాంట్లో వేయండి. డీవీడీ డ్రైవ్ ఉంటే దాన్ని తీసి క్యాడీ అనే చట్రంలో పాత హార్డ్ డిస్క్ బిగించుకోవచ్చు, అప్పుడు బూట్ మెనూ నుంచి విండోస్‌లోకి వెళ్లి టాలీ చేసుకుంటారు. మింట్ వేసేటప్పుడు పాత డిస్క్ లాప్‌టాప్‌లో లేకుండా చూసుకుంటే పొరపాటున కూడా అది చెరగదు. ఎస్‌ఎస్‌డీ వేయించాక ఈ మెషీన్‌ను మీరే గుర్తుపట్టరు. నెమ్మదితనానికి సగం కారణం ఆ హార్డ్ డిస్కే. మిగతా సగం ర్యామ్, దాన్ని తినేది ప్రధానంగా బ్రౌజర్. ఎస్‌ఎస్‌డీ కోసం లాప్‌టాప్ అడుగు భాగం విప్పినప్పుడే ర్యామ్ డీడీఆర్3ఎల్ రకమా, డీడీఆర్4 రకమా చూసి పెట్టుకోండి. ఆరో తరంలో రెండు రకాలూ వచ్చాయి, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు.

ఎస్‌ఎస్‌డీ ఇప్పుడే కుదరదు, ఉన్న డిస్క్‌లోనే రెండూ పెడతానంటే ముందు ఫోటోలు, వ్యాసాలు, టాలీ డేటా బయటి డిస్క్‌కు కాపీ చేయండి. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఒక డ్రైవ్‌ను కుదించి 60 జీబీ దాకా ఖాళీ చేయండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఇన్‌స్టాలర్‌లో "ఎరేజ్ డిస్క్" అన్న వరుస దగ్గర ఆగి రెండుసార్లు చదవండి. విండోస్ మళ్లీ వేసేటప్పుడు సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేయడం మనకు అలవాటు. ఇక్కడ ఎరేజ్ అంటే సీ, డీ, ఈ అన్నీ, మొత్తం డిస్క్. మీకు కావలసింది "విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేయి" అనే అర్థం వచ్చే వరుస. అది కనిపించకపోతే ముందుకు పోకండి, రద్దు చేసి బయటికి వచ్చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఇంకా ఆన్‌లో ఉందా, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సెట్టింగ్స్‌లో) డిస్క్‌ను నడిపే పద్ధతి ఏహెచ్‌సీఐ బదులు ఆర్‌ఎస్‌టీ అని ఉందా చూడండి. ఆర్‌ఎస్‌టీ అని ఉంటే మాత్రం తొందరపడి మార్చేయకండి, విండోస్‌ను సిద్ధం చేయకుండా మారిస్తే అది బూట్ కాదు. అలా ఉంటే ఇక్కడ చెప్పండి, క్రమం రాసిస్తాను.

ప్రింటర్ సంగతి మీరు రాయలేదు. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు కలపగానే పనిచేస్తాయి. మన ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 అయితే మాత్రం కథ వేరు, అది క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో పనిచేస్తుంది, లినక్స్‌లో దాన్ని కుదర్చడం కొత్తవాళ్ల పని కాదు. అదే మీ దగ్గరుంటే ప్రింట్లు విండోస్‌లోంచే తీసుకోండి. వేరేదైతే మోడల్ నంబరు, పెన్‌డ్రైవ్ పరీక్షలో మూత తెరిచాక ఏం జరిగిందో రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.